గోడలో ఊరిన ఉప్పు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

“సముద్రం ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయిందిగా, మన పాత వంటింటి గోడ ఇంకా ఎందుకు రాలుతోంది?” అని సంక్రాంతికి చిన్నది అడిగింది. పిండివంటల హడావుడిలో జవాబు చెప్పలేదు.

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడింది. పదివేల మందికి పైగా పోయారు. నీరు తీసింది గానీ ఉప్పు ఇక్కడే ఉండిపోయింది. లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఇటుక ఆ నీటిని తాగింది.

మీ నాయనమ్మ మాగాయ పెట్టడం చూశారుగా? ముక్కలు ఉప్పులో ఊరతాయి, ఎండలో ఒరుగులవుతాయి, పైన ఉప్పు తేలుతుంది, ఊటలో వేస్తే మళ్ళీ మెత్తబడతాయి. మన గోడా అంతే. వానాకాలం ఊరుతుంది, వేసవిలో ఎండుతుంది. ఎండిన ప్రతిసారీ ఉప్పు ఇటుక లోపల పలుకులు కట్టి పెచ్చును బయటికి నెడుతుంది. పైన సున్నం కొట్టడమంటే మాగాయ ముక్కను కడిగి పచ్చి మామిడికాయ అనుకోవడమే! ఇక శ్లాబులోని ఇనుప ఊచను టెంక అనుకోండి. ఉప్పు తగిలితే తుప్పు పడుతుంది. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకే కాంక్రీటు పగులుతుంది. మాగాయలో టెంక ఉండదని మీ నాయనమ్మ అంటోంది. సరే, ఉందనుకోండి.

మా అమ్మమ్మది చుట్టిల్లు. మట్టిగోడ, తాటాకు కప్పు. చూరు ఎంత కిందికి ఉండేదంటే పెద్దవాళ్ళు నడుం వంచితే గానీ లోపలికి పోలేరు. నేను అందులో గోళీలు దాచేవాణ్ణి, ఎలుకలు దొర్లించేవి. మూలలు లేని ఇల్లు కనుక గాలి చుట్టూ జారిపోయేది, కప్పు కింద దూరి పైకెత్తడానికి దానికి సందు దొరికేది కాదు. అయితే ఉప్పెన ముందు మట్టిగోడ ఏం నిలుస్తుంది? అందుకే తరువాత స్తంభాల మీద తుఫాను షెల్టర్లు కట్టారు.

మీరు పెద్దయ్యాక తీరంలో ఇల్లు కడితే, దగ్గరే ఉందిగా అని సముద్రపు ఇసుక మాత్రం తోలించకండి. ఆ పొదుపు మీ పిల్లల మీద అప్పు.

వేసవిలో రండి. గోడ అడుగున పూసిన తెల్లటి పొడిని గీరి, అరచేతిలో వేసుకుని ఎండలో చూడండి, మెరుస్తుంది. నాలుక మీద మాత్రం వేసుకోకండి. మేము వేసుకున్నాం, అమ్మమ్మ చేత వీపు మీద తిన్నాం.

మీ తాతయ్య