ఈరోజు చెప్పిన కేసులు ఏ రోజువి?

చిరంజీవులు పిల్లలందరికీ ఆశీస్సులు.

"గత 24 గంటల్లో 100 కొత్త కేసులు" అని టీవీలో చెబితే, ఆ వందమందికీ వైరస్ నిన్ననే సోకిందనుకోకండి. నిన్న జరిగిందల్లా వాళ్ల రిపోర్టులు కంప్యూటర్‌లోకి ఎక్కడం. మరి సోకింది ఎప్పుడు? 2020లో తిరిగిన కరోనానే తీసుకుని లెక్కేద్దాం.

ఒకాయనకు ఒకటో తారీఖున ఒక పెళ్లిలో వైరస్ అంటిందనుకోండి. లక్షణాలు బయటపడటానికి సగటున ఐదు రోజులు పట్టేది. కొందరికి రెండే రోజులు, అరుదుగా పద్నాలుగు. అనుమానమొచ్చి మూడో తారీఖునే టెస్టు చేయించుకున్నా చాలావరకు నెగెటివే వస్తుంది, వైరస్ ఇంకా దొరికేంతగా పెరగదు కాబట్టి. ఆ కాగితం చూసి ధైర్యంగా నలుగురిలో తిరగడం మరీ ప్రమాదం, ఎందుకంటే జ్వరానికి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుతుంది. ఆరున జ్వరం వస్తుంది. మామూలు జ్వరమేలే అని పారాసెటమాల్ వేసుకుని మూడు రోజులు చూస్తాడు. తొమ్మిదిన శాంపిల్ ఇస్తాడు.

ఆ తర్వాత ఆలస్యం ల్యాబ్‌ది. ముక్కు, గొంతుల్లోంచి శాంపిల్ తీసిన పుల్లను (స్వాబ్) ద్రవం ఉన్న ట్యూబులో పెట్టి, ఐస్ ప్యాకుల డబ్బాలో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి పంపాలి. ఊళ్లోంచి బండి రోజుకు ఒకసారే వెళ్తుంటే, అది వెళ్లాక ఇచ్చిన శాంపిల్ మర్నాటిదాకా ఫ్రిజ్‌లోనే. వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే ఆర్టీపీసీఆర్ టెస్టులో, శాంపిళ్లు పోసే ప్లేటుకు సాధారణంగా 96 గుంటలు. వాటిలో కనీసం రెండు, టెస్టు సరిగ్గా జరిగిందో లేదో చూసే కంట్రోళ్లకు పోతాయి: వైరస్ ఆనవాలు ఉందని ముందే తెలిసినది ఒకటి, లేదని తెలిసినది ఇంకొకటి. లేనిది కూడా పాజిటివ్ చూపిస్తే ఎక్కడో తుంపర పడిందన్నమాట, ఆ ప్లేటు మొత్తం మళ్లీ చేయాల్సిందే. అంతా సవ్యంగా సాగినా ఐదారు గంటల పని. జబ్బు ముదిరే వారాల్లో శాంపిళ్లు గుట్టలుగా పడతాయి కాబట్టి, లెక్క అత్యవసరమైన రోజుల్లోనే మరింత వెనకబడుతుంది. ఆపైన ఫలితాన్ని ప్రభుత్వ వెబ్‌సైటులో (పోర్టల్) ఎక్కించాలి. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పినా, చిరునామా వేరే జిల్లాదైనా మళ్లీ ఆగుతుంది. ఆయన కేసు ప్రభుత్వం రోజూ ఇచ్చే బులెటిన్‌కెక్కేసరికి పదమూడో తారీఖు.

పన్నెండు రోజులు! కేసులు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంటే ఈలోగా నాలుగుసార్లు రెట్టింపవుతాయి: 200, 400, 800, 1,600. బులెటిన్‌లో 100 అని చదివిన రోజున కొత్తగా సోకుతున్నది 1,600 మందికి. ఇదీ టెస్టుదాకా వెళ్లేవాళ్ల లెక్కే. 2020 మే–జూన్‌లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చేసిన దేశవ్యాప్త సీరో సర్వే, అంటే రక్తంలో యాంటీబాడీలను బట్టి ఎవరికి సోకిందో చూసే సర్వే, నమోదైన ఒక్కో కేసుకు 82 నుంచి 130 ఇన్ఫెక్షన్లు ఉండొచ్చని అంచనా కట్టింది. ఈ రెంటినీ కలిపేయకండి. ఆలస్యమైనవాళ్లు నాలుగు రోజులకైనా లెక్కలోకి వస్తారు, టెస్టే చేయించుకోనివాళ్లు ఎప్పటికీ రారు.

తగ్గేటప్పుడూ ఇదే చిక్కు. చైనాలో వుహాన్‌ను 2020 జనవరి 23న మూసేశాక కూడా రోజువారీ అంకెలు పెరుగుతూనే పోయాయి. మూసేసి లాభం లేదని అనిపించే తీరు అది. అవే కేసులను లక్షణాలు మొదలైన తేదీ ప్రకారం పేర్చి చూస్తే మాత్రం ఉధృతి జనవరి చివర్లోనే పతాక స్థాయికి చేరినట్టు తేలింది. ఫిబ్రవరి 12న, వుహాన్ ఉన్న హుబే ప్రావిన్స్ ఒక్కరోజే 14,840 కేసులు చూపించింది. అందులో 13,332 ల్యాబ్ టెస్టుతో కాక, స్కాన్, లక్షణాలు చూసి డాక్టర్లు నిర్ధారించినవి. లెక్కపెట్టే పద్ధతి మారితే అంకె ఎలా ఎగురుతుందో చూడండి.

లక్షణాల తేదీతో గీసిన గ్రాఫులోనూ ఒక మోసముంది. చివరి వారం పది రోజుల గీత ఎప్పుడూ కిందికే వాలుతుంది. నిన్న జ్వరం వచ్చినవాళ్లు ఇంకా టెస్టుకే వెళ్లలేదు కదా! రెండు వారాలాగి చూస్తే అవే తేదీల కడ్డీలు ఎత్తు పెరిగి ఉంటాయి. అందుకే తెలిసినవాళ్లు ఆ భాగానికి బూడిద రంగు వేసి, దాన్ని చూసి "తగ్గింది" అనరు.

ఆదివారం శాంపిళ్లు తక్కువ తీస్తారు కాబట్టి సోమ, మంగళవారాల అంకె పడిపోతుంది. ఏడు రోజుల సగటు తీస్తే ఆ ఎగుడుదిగుళ్లు పోతాయి. ఎన్ని టెస్టులకు ఎన్ని పాజిటివ్‌లో కూడా చూడండి. పోయిన వారం 1,000 టెస్టుల్లో 100, ఈ వారం 500 టెస్టుల్లో 80 వచ్చాయనుకోండి. కేసులు తగ్గాయి, కానీ శాతం 10 నుంచి 16కు పెరిగింది. దాన్ని తగ్గుదల అనుకుని మాస్కు తీసేస్తే ఇంట్లో పెద్దవాళ్లకే ముప్పు.

సోకినవాళ్ల మలంలో వైరస్ ఆనవాళ్లు ఉంటాయి కాబట్టి, టెస్టుకు వెళ్లనివాళ్ల జాడ మురుగునీటిలో దొరుకుతుంది. 2020లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు మురుగునీటి శుద్ధి కేంద్రాల శాంపిళ్లను బట్టి, నగరంలో సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా వేశారు.

వానాకాలంలో డెంగీ లెక్కలకూ ఇదే వరస. దోమ కుట్టిన 4 నుంచి 10 రోజులకు గానీ జ్వరం రాదు. అందుకని మీ వీధిలో మొదటి కేసు పేపర్లో పడేదాకా ఆగకుండా, వారానికోసారి కూలర్లు, పూలకుండీల పళ్లాలు, డ్రమ్ములు ఖాళీచేసి, అడుగు రుద్ది ఆరబెట్టండి.

ఉంటాను,
మీ తాతయ్య