మూడు వారాల తర్వాత శనివారం వాన పడుతుందా? శరత్కాలపు అంచనాల మీద అపోహలు - వాస్తవాలు

రెండు నుంచి ఆరు వారాల ముందు వాతావరణం ఎటు మొగ్గుతుందో అంచనా వేసి రాయడం నా ఉద్యోగం. శరత్కాలం వచ్చిందంటే నా ఫోను ఊరుకోదు. వేసవి వదిలింది, చలి ఇంకా పట్టలేదు. కోతలు, ప్రయాణాలు, ఇంటి మరమ్మతులు అన్నీ జనం ఈ సందులోనే పెట్టుకుంటారు. అడిగేది మాత్రం ఒకటే: "మూడు వారాల తర్వాత శనివారం వాన పడుతుందా?" నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే నమ్మకండి. "ఆ వారం మామూలు కంటే తడిగా ఉండే అవకాశం ఎంత?" అని అడిగితే మాత్రం కూర్చుని మాట్లాడుకోవచ్చు. కింద చెప్పే అపోహల్లో సగం, ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనుకోవడం వల్ల పుట్టినవే.

అపోహ: యాప్‌లో 25వ రోజు కింద వాన బొమ్మ ఉంది కాబట్టి ఆ రోజు వాన.

ఈ క్షణాన గాలి ఎక్కడ ఎలా ఉందో మనకి పూర్తిగా తెలియదు. సముద్రాల మీద, ధ్రువాల దగ్గర కొలతలు పలచన. అందుకే ఒక్క లెక్కతో సరిపెట్టుకోకుండా, మొదలయ్యే స్థితిని కొద్దికొద్దిగా మార్చి అదే లెక్కని చాలాసార్లు వేస్తారు. దీన్ని ఎన్సెంబుల్ అంటాం. 1992 నుంచి పెద్ద కేంద్రాలు మామూలుగా చేస్తున్న పనే ఇది. యూరప్ మధ్యకాలిక వాతావరణ అంచనాల కేంద్రం ఇప్పుడు రోజూ 101 లెక్కల్ని 46 రోజుల దాకా నడుపుతుంది. తెర మీద వాటిని గీతలుగా చూస్తే, మొదటి నాలుగైదు రోజులు బిగించి అల్లిన జడలా ఉంటాయి. వారం దాటాక జడ వదులవుతుంది. పన్నెండో రోజుకి చాలాసార్లు జుట్టు విరబోసుకున్నట్టే.

ఇక 25వ రోజున ఒక గీత వాన అంటుంది, పక్క గీత ఎండ అంటుంది. యాప్ వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకునో, గత ఏళ్ల సగటు చూసో ఒక బొమ్మ పెట్టేస్తుంది. మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టు అంటారే, ఇక్కడ మబ్బు కూడా లేదు, మబ్బు బొమ్మే ఉంది.

అపోహ: పది రోజులు దాటితే ఏమీ చెప్పలేరు, మిగిలిందంతా చిలక జోస్యమే.

ఇది పై అపోహకి సరిగ్గా ఎదురుగా నిలబడ్డది, అందుకే తెలివైనవాళ్లు కూడా ఇందులో పడతారు. ఏ రోజు ఏ గంటకి చినుకు పడుతుందో గాలి రెండు వారాల్లో మర్చిపోతుంది, నిజమే. కానీ గాలికి అడుగున సముద్రం ఉంది. అది నిదానం మనిషి. వేసవంతా తాగిన వేడిని వారాల తరబడి, నెలల తరబడి వదులుతూ ఉంటుంది. ఎల్ నినో, లా నినా (పసిఫిక్ సముద్రం మధ్య, తూర్పు భాగాలు మామూలు కంటే వేడెక్కడం, చల్లబడటం) సంగతి తీసుకోండి. ఉత్తరార్ధగోళపు వసంతంలో వాటి గురించి చేసే అంచనాలు బాగా తడబడతాయి. శరత్తు వచ్చేసరికి ఏది నడుస్తోందో సాధారణంగా తేలిపోయి ఉంటుంది. వసంతంలో కంటే ఇప్పుడు నేను కాస్త ధైర్యంగా మాట్లాడేది అందుకే.

వారాల లెక్కలో నేను ముందుగా చూసేది మాత్రం ఎల్ నినోని కాదు, మాడెన్-జూలియన్ డోలనాన్ని. 1971లో రోలండ్ మాడెన్, పాల్ జూలియన్ గుర్తించారు. భూమధ్యరేఖ చుట్టూ, ముఖ్యంగా హిందూ మహాసముద్రం నుంచి పసిఫిక్ వైపు, ఒక పెద్ద వానల ముద్ద సెకనుకి సుమారు 5 మీటర్ల చొప్పున తూర్పుకి నడుస్తుంది. సైకిలు తొక్కేవాడి వేగమన్నమాట. సైకిలు తొక్కేవాడి వేగమన్నమాట. అది ఇవాళ ఎక్కడుందో తెలిస్తే, ఒకటి నుంచి మూడు వారాల తర్వాత దూరాన ఉన్న సమశీతోష్ణ ప్రాంతాల్లో గాలులు ఎటు వంగుతాయో కొంత పట్టుకోవచ్చు. అది బలంగా ఉన్న నెలలో నా అంచనా కొంచెం గట్టిగా ఉంటుంది. నీరసించిన నెలలో "మామూలుగానే ఉండవచ్చు" అని రాస్తాను. చదివేవాళ్లకి అది చప్పగా అనిపిస్తుంది. రాసే నాకు అదే అన్నిటికంటే కష్టమైన వాక్యం, ఎందుకంటే ఏదో ఒకటి చెప్పాలన్న దురద చంపుకోవాలి.

అపోహ: "మామూలు కంటే వెచ్చగా" అన్నారు, ఇక స్వెటర్ అక్కర్లేదు.

మేం గత 30 ఏళ్ల లెక్కలు తీసుకుంటాం (ఇప్పుడు వాడుకలో ఉన్నవి 1991-2020). వాటిని చల్లన, మధ్యస్థం, వెచ్చన అని మూడు సమాన భాగాలు చేస్తాం. ఏమీ తెలియకపోతే ఒక్కోదానికి 33 శాతం. "వెచ్చన 50 శాతం" అని వస్తే మేం మా భాషలో ఎగిరి గంతేసినట్టు. అయినా మిగతా సగం అటే ఉంది కదా! పైగా అది వారం సగటు. ఆ వారం మామూలు సగటు 12 డిగ్రీలు అనుకుందాం. ఐదు రోజులు 16 ఉండి, రెండు రోజులు 6కి పడిపోయినా సగటు 13 దాటుతుంది. అంచనా నిజమైంది. ఆ రెండు రోజుల్లో వణికినవాడు మాత్రం నన్ను తిట్టుకుంటాడు.

అపోహ: శరత్తు నెమ్మది కాలం, అంచనా తేలిక.

ఇక్కడే నేను మునిగాను. కొన్నేళ్ల కింద మా బావ ఇంటి పైకప్పు పెంకులు తీయించి కొత్తవి వేయించుకుందామనుకున్నాడు. "నువ్వు చేసేదే ఆ పని కదా, ఎప్పుడు మొదలెట్టమంటావు?" అని అడిగాడు. గీతలన్నీ రెండు వారాల తర్వాత పొడిగా ఉండే వైపే మొగ్గాయి. "ఆ వారం పెట్టుకో బావా, బాగుంటుంది" అన్నాను. శాతం చెప్పలేదు. ఇంటివాళ్ల దగ్గర శాతాలేమిటని. పెంకులు దించిన రెండో రోజు రాత్రి టార్పాలిన్ ఎగిరిపోయింది, పై గది మంచం దాకా నీళ్లు.

ఏం జరిగిందంటే, వేల కిలోమీటర్ల దూరంలో ఒక తుపాను ఉత్తరానికి తిరిగి జెట్ స్ట్రీమ్‌ని (చాలా ఎత్తున పడమర నుంచి తూర్పుకి వేగంగా వీచే గాలుల ధారని) ఢీకొట్టింది. నేను అంచనా రాసిన రోజుకి అది ఇంకా పుట్టనే లేదు. శరత్తులో ఉష్ణమండల సముద్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది కాబట్టి తుపానులు పుడుతూనే ఉంటాయి. అదే సమయంలో ధ్రువం వైపు గాలి వేగంగా చల్లబడి, జెట్ స్ట్రీమ్ బలం పుంజుకుంటుంది. ఈ రెండూ కలిసే కాలం ఇదే. తాడుని ఒక చివర విదిలిస్తే అల రెండో చివరికి పోయినట్టు, ఆ దెబ్బ జెట్ స్ట్రీమ్ వెంట పోయి ఎక్కడో వారం తర్వాత తేలుతుంది.

తుపాను పుట్టి కళ్ల ముందుకి వచ్చాక కథ వేరు. 2012 అక్టోబరులో శాండీ తుపాను అమెరికా తూర్పు తీరం వైపు ఎడమకి తిరుగుతుందని యూరప్ కేంద్రం మోడల్ (కంప్యూటర్ లెక్క) వారం ముందే చూపించింది. మరికొన్ని మోడళ్లు అప్పటికి దాన్ని సముద్రంలోకి పంపించేస్తున్నాయి. ఇంకోవైపు, 1987 అక్టోబరులో దక్షిణ ఇంగ్లండ్‌ని చీల్చేసిన గాలివాన ఉంది. దాన్ని తర్వాత ఎన్సెంబుల్ పద్ధతిలో మళ్లీ లెక్కకట్టి చూస్తే, రెండున్నర రోజుల ముందు కూడా గీతలు చెల్లాచెదురుగానే ఉన్నాయి.

అపోహ: పోలార్ వోర్టెక్స్ వచ్చిందట, ఇక గడ్డకట్టుకుపోతాం.

రాలేదు, ఏటా శరత్తులో ధ్రువం మీద, నేలకి పది కిలోమీటర్లకి పైన, ఆ చల్లటి గాలుల సుడి ఏర్పడాల్సిందే. అది గట్టిగా తిరుగుతుంటే చలి సాధారణంగా అక్కడే బందీగా ఉంటుంది. ఉత్తరాన అది చెదిరిపోయే పెద్ద ఘటనలు పదేళ్లలో ఆరు దాకా జరుగుతాయి, ఎక్కువగా జనవరి, ఫిబ్రవరిల్లో. అక్టోబరులో ఆ శీర్షిక కనిపిస్తే నేను పేజీ తిప్పేస్తాను.

అపోహ: అధిక పీడనం అంటే ఎండ.

వేసవిలో చాలావరకు అంతే. శరత్తు చివర్లో రాత్రులు పొడుగు, గాలి కదలదు, నేల చల్లబడి పొగమంచు కమ్ముతుంది. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటే అది మధ్యాహ్నానికీ వదలదు. మా పటంలో పొడి వారం, మీ కిటికీలో బూడిద రంగు.

అపోహ: చెట్లకి కాయలు విరగకాస్తే రాబోయే చలి భయంకరం.

కాయలు గడిచిన వసంతం, వేసవి ఎలా ఉన్నాయో చెబుతాయి. ముందు సంగతి చెట్టుకేం తెలుసు?

అపోహ: వారం వారం మాట మారుస్తారు, అంటే వాళ్లకే తెలియదు.

కొత్త కొలతలు వచ్చాక కూడా మాట మార్చకపోతే భయపడాలి. ఏఐ వచ్చింది కాబట్టి ఈ బాధ తీరిందనుకునేవాళ్లూ ఉన్నారు. యూరప్ కేంద్రం 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ని రోజువారీ పనిలోకి తెచ్చింది. అది వేగంగా లెక్కేస్తుంది, చాలా విషయాల్లో పాతదాన్ని మించుతుంది. గీతలు విరబోసుకోవడం మాత్రం అలాగే ఉంది.

బావ ఈసారి ప్రహరీ గోడకి సున్నం వేయించాలన్నాడు. మూడు వారాల ముందు ఏ వారం మొగ్గు పొడివైపు ఉందో చూసి, పనివాళ్లని మాట్లాడుకోమన్నాను, అడ్వాన్సు ఇవ్వద్దన్నాను. వారం ముందు మళ్లీ ఫోన్ చేయమన్నాను. సున్నం తెచ్చేది మూడు రోజుల ముందే. "శాతం ఎంత?" అని అడిగాడు. 45 అని చెప్పాను. టార్పాలిన్ కూడా తెచ్చి పెట్టుకుంటానన్నాడు.