పెద్ద టీమ్ ఎందుకు ఓడిపోద్ది? 70 ఛాన్సుల లెక్క

మార్చి వచ్చిందంటే అమెరికాలో ఉండే మనవాళ్ళ దగ్గర్నుంచి ఒకటే గోల. ఆఫీసులో అందరూ బ్రాకెట్ నింపుతున్నారు, మాకు బాస్కెట్‌బాల్ ఓనమాలు కూడా రావు, లెక్కలేసి ఎవరు గెలుస్తారో చెప్పే దారేమైనా ఉందా అని. ఈసారి ఒకాయన ఇంకో మెట్టు ఎక్కి అడిగారు: "దేశం మొత్తమ్మీద నంబర్ వన్ అనుకున్న టీమ్ ఎవరూ పేరు వినని కాలేజీ చేతిలో ఎలా ఓడిపోద్దండీ, ఫిక్సింగా?"

ఫిక్సింగ్ కాదండీ, వర్గమూలం. చెప్తా ఆగండి.

రూల్స్ జోలికి పోను, గూగుల్ చేస్తే రెండు నిమిషాల్లో దొరుకుతాయి. మనకి కావాల్సింది ఇంతే: ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) పురుషుల బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ 1985 నుంచీ 64 టీమ్‌ల బ్రాకెట్‌తో నడుస్తోంది (2011 నుంచి ముందో చిన్న రౌండ్ పెట్టి 68 చేశారు). నాలుగు రీజియన్లు, ఒక్కో దాంట్లో 1 నుంచి 16 దాకా సీడ్‌లు (బలాన్ని బట్టి ముందే ఇచ్చే వరస నంబర్లు, 1 అంటే అన్నిటికంటే బలమైనది), 1వ సీడ్ 16తో, 2వ సీడ్ 15తో, 5వ సీడ్ 12తో ఆడతాయి. ఓడితే ఇంటికే, రెండో ఛాన్స్ లేదు. ఎవరెవరు గెలుస్తారో మొత్తం 63 మ్యాచ్‌లకీ ముందే రాసిచ్చేదే బ్రాకెట్.

ఇప్పుడు 2018 మార్చి 16 రాత్రికి వెళ్దాం. వర్జీనియా యూనివర్సిటీ ఆ ఏడాది టోర్నమెంట్ మొత్తానికీ టాప్ సీడ్. ఎదురుగా యూఎంబీసీ, అంటే మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ, మనవాళ్ళలో చాలామందికి ఎమ్మెస్ అప్లికేషన్ల లిస్టులో తప్ప ఇంకెక్కడా తగలని పేరు. అప్పటిదాకా 1వ సీడ్‌లు 16వ సీడ్‌ల మీద ఆడిన 135 మ్యాచ్‌లూ గెలిచాయి, ఒక్కటి కూడా పోలేదు. హాఫ్ టైమ్‌కి స్కోరు 21-21. అయిపోయేసరికి యూఎంబీసీ 74, వర్జీనియా 54. ఏదో ఆఖరి సెకన్లో బంతి దొర్లిపడి ఓడటం కాదు, 20 పాయింట్లు!

దీన్ని అర్థం చేసుకోవాలంటే మ్యాచ్‌ని నిమిషాల్లో కొలవడం మానేసి పొసెషన్లలో కొలవాలి. బంతి ఒక టీమ్ చేతికొచ్చి మళ్ళీ అవతలివాళ్ళ చేతికి పోయేదాకా ఒక పొసెషన్, అంటే స్కోరు చెయ్యడానికి ఒక ఛాన్స్. 40 నిమిషాల కాలేజీ మ్యాచ్‌లో ఒక్కో టీమ్‌కి ఇటు అటుగా 70 ఛాన్సులొస్తాయి. టీమ్ సత్తా ఏంటంటే ఒక్కో ఛాన్స్‌కి సగటున ఎన్ని పాయింట్లు తెస్తుంది, ఎన్ని ఇస్తుంది, అంతే. కెన్ పామరాయ్ అనే ఆయన ఇదే లెక్కని 100 పొసెషన్లకి కట్టి, ఎదుటి టీమ్ బలాన్ని బట్టి సర్ది, ప్రతి కాలేజీకీ ర్యాంక్ ఇస్తాడు. ఆయన అసలు వాతావరణ శాఖలో పనిచేసిన మనిషి, అది యాదృచ్ఛికం కాదని నా అనుమానం. రేపు వాన పడే అవకాశం 30 శాతం అని చెప్పడం అలవాటైనవాడికే ఈ పని కుదురుతుంది.

సరే, ఒక ఊహా మ్యాచ్ తీసుకుందాం. పెద్ద టీమ్ ఒక్కో ఛాన్స్‌కి సగటున 1.1 పాయింట్లు, చిన్న టీమ్ 1.0 పాయింటు. తేడా 0.1 మాత్రమే. 70 ఛాన్సులకి పెద్ద టీమ్ 7 పాయింట్లతో గెలవాలి. కానీ ఏ ఛాన్స్‌లోనూ 1.1 పాయింట్లు రావు కదా, సున్నా వస్తుంది లేదా 2 వస్తుంది లేదా 3 వస్తుంది, ప్రతిసారీ సగటుకి పైకో కిందకో ఎగిరిపడుతుంది. ఈ ఎగుడుదిగుళ్ళన్నీ కలిస్తే చివరి తేడా మన అంచనా చుట్టూ దాదాపు 11 పాయింట్ల ప్రామాణిక విచలనంతో (సగటు నుంచి మామూలుగా ఎంత పక్కకి పోతుందో చెప్పే కొలత) ఊగుతుంది, ఇది ఈ లెక్కలు కట్టేవాళ్ళు వాడే సంఖ్య. అంటే ఆధిక్యం 7, ఊపు 11. గంట ఆకారపు వక్రం మీద పెడితే పెద్ద టీమ్ గెలిచే అవకాశం 74 శాతం. నాలుగింటిలో ఒకటి పోతుందన్నమాట, అదీ బాగా మెరుగైన టీమ్ అయ్యుండి కూడా.

ఇప్పుడు అసలు మజా. అదే రెండు టీమ్‌లు అదే సత్తాతో ఆగకుండా నాలుగు మ్యాచ్‌లంత సేపు, అంటే 280 ఛాన్సులు ఆడాయనుకోండి. ఆధిక్యం నాలుగు రెట్లయి 28 అవుతుంది. ఊపు మాత్రం నాలుగు రెట్లవ్వదు, రెండే రెట్లవుతుంది, 22. ఎందుకంటే పైకి ఎగిరినవీ కిందకి పడినవీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటూ పోతాయి, కూడేది విచలనాలు కాదు వాటి వర్గాలు, చివర్లో వర్గమూలం తీస్తాం. 4కి వర్గమూలం 2. పెద్ద టీమ్ అవకాశం 90 శాతానికి చేరింది. అదే పది ఛాన్సులకే మ్యాచ్ ఆపేస్తే ఆధిక్యం 1, ఊపు 4 పైన, అవకాశం 60 శాతం కూడా నిండదు. సత్తా ఛాన్సుల సంఖ్యతో సమానంగా పెరుగుతుంది, అదృష్టం దాని వర్గమూలంతో పెరుగుతుంది. మ్యాచ్ ఎంత పొడుగైతే సత్తా అంత బయటపడుతుంది, ఎంత పొట్టిదైతే అదృష్టానికి అంత చోటు.

ఇది మనకి కొత్తేం కాదు, క్రికెట్‌లో రోజూ చూస్తున్నదే. 2024 టీ20 వరల్డ్ కప్‌లో డాలస్ దగ్గర అమెరికా పాకిస్తాన్‌ని ఓడించింది కదా, అదీ సూపర్ ఓవర్‌లో, అంటే ఆరు బంతుల మ్యాచ్‌లో. అవే రెండు టీమ్‌లని ఐదు రోజుల టెస్ట్ ఆడించండి చూద్దాం.

(ఒక్క మాట పక్కకి వెళ్ళి చెప్పాలి. ఇంటర్ 2ఏలో ఈ సంభావ్యత, విస్తరణ కొలతలు, యాదృచ్ఛిక చలరాశులు అన్నీ ఉండేవి, పబ్లిక్ పరీక్షలో మార్కులూ తెచ్చుకున్నాం, సంచిలో ఎర్ర బంతులు నల్ల బంతులు తీసీ తీసీ చేతులు నొప్పెట్టాయి గానీ, ఆ వర్గమూలం ఎందుకొచ్చిందో, వస్తే లోకంలో ఏం మారుతుందో ఒక్క మాట చెప్పినవాళ్ళు లేరు. ఫార్ములా బాక్స్ కట్టించి బట్టీ పట్టించారు. ఒక్క ఆట మ్యాచ్‌తో చెప్పుంటే క్లాసులో ఒక్కడు కూడా నిద్రపోయేవాడు కాదు.)

దీన్నిబట్టి చిన్న టీమ్ కోచ్ ఏం చెయ్యాలి? ఛాన్సులు తగ్గించాలి, బంతిని చేతిలో పెట్టుకుని షాట్ క్లాక్ (షాట్ వెయ్యడానికి ఇచ్చే గడువు) 30 సెకన్లూ తినేసి ఆట నెమ్మది చెయ్యాలి. టీవీ కామెంటేటర్లు ప్రతి మార్చిలోనూ చెప్పే మాటే. నిజమే గానీ ఎంత లాభమో లెక్క కడితే నవ్వొస్తుంది. 70 ఛాన్సుల్ని 60కి దించడం మామూలు విషయం కాదు, అంత దించినా మన 7 పాయింట్ల ఫేవరెట్ (గెలవాల్సిన పెద్ద టీమ్) 74 నుంచి 72 శాతానికి తగ్గుతాడు. అంతే!

రెండో మందు మూడు పాయింట్ల షాట్, అంటే కోర్టు మీద గీసిన గీత అవతల నుంచి వేసేది. సగం పడే రెండు పాయింట్ల షాటూ, మూడింట ఒకటి పడే మూడు పాయింట్ల షాటూ సగటున ఒకటే, ఒక్కో షాట్‌కి 1 పాయింటు. కానీ ఊపు చూడండి. మొదటిదాని విచలన వర్గం 1, రెండోదాని విచలన వర్గం 2. సరిగ్గా రెట్టింపు! సగటు పైసా మారకుండా అదృష్టాన్ని డబుల్ చేసుకోవచ్చు. చిన్న టీమ్ 20 షాట్లని దగ్గర్నుంచి కాకుండా గీత అవతల నుంచి వేసిందనుకోండి, మొత్తం విచలన వర్గం 121 (అంటే 11 × 11) నుంచి 141 అవుతుంది, ఫేవరెట్ మళ్ళీ 72 శాతానికి దిగుతాడు. అంటే పది ఛాన్సులు తగ్గించడమూ ఇరవై షాట్లు దూరం నుంచి వెయ్యడమూ దాదాపు ఒకే ఖరీదు. ఈ లెక్క మొదటిసారి కుదిరినప్పుడు నేను పేపర్ పక్కన పెట్టి కాసేపు తిరిగొచ్చాను, అంత బాగుంది.

అయితే ఈ మందు అసలు పనిచేసేది బాగా చిన్న టీమ్‌లకి. 1వ సీడ్ 16వ సీడ్ మీద 23 పాయింట్ల ఫేవరెట్ అనుకుందాం. మామూలుగా ఆడితే చిన్న టీమ్ గెలిచే అవకాశం 2 శాతం లోపు. 60 ఛాన్సులకి దించి, పైన ఆ ఇరవై షాట్లూ దూరం నుంచి వేస్తే అది 4 శాతం దగ్గరికొస్తుంది. సమానంగా ఉన్నవాళ్ళకి ఊపు పెరిగితే ఒరిగేదేం లేదు, అడుగున ఉన్నవాడికి మాత్రం రెట్టింపు. 2025 వరకు 1వ సీడ్‌కీ 16వ సీడ్‌కీ మధ్య 160 మ్యాచ్‌లు జరిగితే రెండు పోయాయి, ఒక శాతం పైచిలుకు. మన కాగితం లెక్కకి ఎంత దగ్గరగా ఉందో చూశారా.

ఇక ఆ వర్జీనియా మ్యాచ్‌కి తిరిగి వద్దాం. వర్జీనియా దేశంలోకెల్లా నెమ్మదిగా ఆడే టీమ్‌లలో ఒకటి, అంటే పెద్ద టీమే తన ఛాన్సులు తను కోసేసుకుంది, అండర్‌డాగ్ చెయ్యాల్సిన పని ఫేవరెట్ చేసి పెట్టింది. యూఎంబీసీ మూడు పాయింట్ల షాట్లు 24 వేసి 12 కొట్టింది. వర్జీనియా 22 వేసి 4. పైగా వర్జీనియా మంచి ఆటగాడు డిఆండ్రే హంటర్ చెయ్యి విరిగి బయటే ఉన్నాడు. ఆ తర్వాతి ఏడాది 2019లో అదే వర్జీనియా, అదే నెమ్మది ఆట, ఛాంపియన్. అపశకునం, శాపం అన్నవాళ్ళు ఏడాదికే మాట మార్చేశారు. 1వ సీడ్ 16వ సీడ్ చేతిలో ఓడిన రెండో సంఘటన 2023లో, ఫెయిర్లీ డికిన్సన్ 63, పర్డ్యూ 58. పర్డ్యూలో జాక్ ఈడీ 7 అడుగుల 4 అంగుళాలు, అవతల దేశంలోనే అతి పొట్టి టీమ్. ఆ రాత్రి పర్డ్యూ మూడు పాయింట్ల షాట్లు 26 వేస్తే పడ్డవి 5.

శకునాలంటే గుర్తొచ్చింది. 2018లోనే 11వ సీడ్ లయోలా షికాగో ఫైనల్ ఫోర్ (చివరి నాలుగు టీమ్‌ల రౌండ్) దాకా వెళ్ళింది, ఆ టీమ్ కోసం ప్రార్థన చేసే 98 ఏళ్ళ సిస్టర్ జీన్ దేశమంతా ఫేమస్ అయిపోయారు, అంతా ఆవిడ ప్రార్థన మహిమ అన్నారు. లయోలా మొదటి మూడు మ్యాచ్‌ల స్కోర్లు 64-62, 63-62, 69-68. మూడూ కలిపి 4 పాయింట్ల తేడా! ఇంకా తమాషా, ఆవిడ తన బ్రాకెట్‌లో సొంత టీమ్‌ని 16 టీమ్‌ల రౌండ్ దాటించలేదు. ప్రార్థన వేరు అంచనా వేరు అని ఆవిడకి బాగా తెలుసు, మనవాళ్ళకే తెలీదు. ఇంచుమించు అదే రోజుల్లో మన ఉగాది వస్తుంది, పంచాంగ శ్రవణంలో ఆదాయం ఇంత వ్యయం ఇంత అని అంకెలతో సహా చెప్తారు, మళ్ళీ ఉగాదికి పోయినేడు చెప్పింది ఎంతవరకు నిజమైందో ఎవరైనా తీసి చూశారా? బ్రాకెట్‌లో నాకు నచ్చేది అదే, మూడు వారాల్లో నీ జాతకం అందరి ముందూ దిద్దేస్తారు.

మరి ఆఫీసు బ్రాకెట్ ఎలా నింపాలి? 63కి 63 కరెక్ట్ చెయ్యాలన్న ఆశ ముందు వదిలెయ్యండి. బొమ్మా బొరుసూ వేసి నింపితే 92 వేల కోట్ల కోట్లలో ఒక ఛాన్స్. ప్రతి మ్యాచ్‌కీ 75 శాతం కరెక్ట్‌గా చెప్పగలిగినా సుమారు 7.4 కోట్లలో ఒకటి. 2014లో వారెన్ బఫెట్ అండతో పర్ఫెక్ట్ బ్రాకెట్‌కి 100 కోట్ల డాలర్ల బహుమతి పెట్టారు, రెండో రౌండ్ దాకా కూడా ఎవరూ మిగల్లేదు. 2019లో ఒకాయన మొదటి 49 కరెక్ట్ చేశాడు, 50వది ఓవర్‌టైమ్‌లో పోయింది.

ఇంకో ఉచ్చు ఉంది, 12వ సీడ్ ఉచ్చు. 12వ సీడ్‌లు 5వ సీడ్‌లని మూడింట ఒకసారి ఓడిస్తాయి. నాలుగు మ్యాచ్‌లుంటాయి కాబట్టి కనీసం ఒక అప్‌సెట్ (చిన్న టీమ్ పెద్దదాన్ని ఓడించడం) జరిగే అవకాశం 80 శాతం. అందుకని జనం "ఏదో ఒకటి పడుద్ది కదా" అని ఒక 12ని పెట్టేస్తారు. నాలుగూ 5వ సీడ్‌లే పెడితే సగటున 2.67 కరెక్ట్ అవుతాయి, గుడ్డిగా ఒక 12 పెడితే 2.33. అప్‌సెట్ వస్తుందని తెలియడం వేరు, ఎక్కడ వస్తుందో తెలియడం వేరు. చిన్న ఆఫీసు, పది మందే అయితే కళ్ళు మూసుకుని ఫేవరెట్లనే పెట్టండి, గెలిచినా గెలవకపోయినా పరువు దక్కుతుంది. వెయ్యి మంది ఉంటే మాత్రం అందరూ పెట్టిందే మీరూ పెడితే మొదటి ప్రైజు రాదు, అక్కడ ఛాంపియన్ దగ్గర ఒక్కచోట తేడాగా వెళ్ళాలి, 15 శాతం అవకాశం ఉండి జనం 5 శాతమే నమ్మిన టీమ్ ఏదైనా ఉందా చూసుకోవాలి. నంబర్ వన్ టీమ్‌కి కూడా ఆరు మ్యాచ్‌లు వరసగా గెలవాలి కాబట్టి, 98, 88, 78, 68, 62, 58 శాతాల చొప్పున గుణిస్తే 16 శాతమే వస్తుంది. 2023లో ఫైనల్ ఫోర్‌లో 1, 2, 3 సీడ్‌లు ఒక్కటీ లేవు. 2025లో నాలుగూ 1వ సీడ్‌లే. రెండూ ఒకే రకం పాచికల్లోంచి పడ్డవే.

మహిళల బ్రాకెట్ కూడా నింపేవాళ్ళకి ఒక మాట. అక్కడ ఫేవరెట్లని ఇంకా గట్టిగా నమ్మొచ్చు, పెద్ద టీమ్‌లకీ చిన్న టీమ్‌లకీ ఒక్కో ఛాన్స్‌లో తేడా ఎక్కువ, పైగా మెరుగైన సీడ్‌లు మొదటి రెండు రౌండ్లూ సొంత కోర్టులో ఆడతాయి. 2025 దాకా 15వ సీడ్ ఒక్కసారి కూడా 2వ సీడ్‌ని ఓడించలేదు. అయినా అందరికంటే ముందు 16 చేతిలో 1 ఓడింది మహిళల్లోనే, 1998లో, హార్వర్డ్ 71, స్టాన్‌ఫర్డ్ 67, అదీ స్టాన్‌ఫర్డ్ సొంత కోర్టులో. దానికి వర్గమూలం అక్కర్లేదు, స్టాన్‌ఫర్డ్ ముఖ్యమైన ఆటగత్తెలు ఇద్దరు టోర్నమెంట్‌కి ముందే మోకాలి గాయాలతో తప్పుకున్నారు, సీడ్ మాత్రం సీజన్ మొత్తం చూసి ఇచ్చింది. అందుకే బ్రాకెట్ సబ్మిట్ చేసేముందు అన్నిటికంటే చివర్లో, గడువుకి గంట ముందు, ఎవరెవరు కుంటుతున్నారో ఒకసారి చూసుకోండి.