రిపోర్టులో పాజిటివ్ అని ఉంటే: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను ల్యాబ్‌లో పనిచేసే డాక్టర్‌ని. మా రిపోర్టుల్లో ఎక్కువగా కనబడే ఇంగ్లిష్ మాటలు రెండు: పాజిటివ్, నెగెటివ్. ఇవి మన వాడుకలో ఎప్పుడో కలిసిపోయాయి. ధైర్యంగా మాట్లాడేవాళ్లని పాజిటివ్‌గా ఉన్నారంటాం. ఎప్పుడూ వంకలు పెట్టేవాళ్లని నెగెటివ్ మనిషి అంటాం. కరోనా రోజుల్లో మాత్రం "ఫలానా ఇంట్లో పాజిటివ్ వచ్చిందట" అంటే చాలు, వీధి వీధంతా భయపడిపోయింది. ఈ అర్థాలన్నీ మనసులో ఉండగానే రిపోర్టు చేతికొస్తుంది, దాంతో చిక్కు మొదలవుతుంది.

మేం ఆ మాట రాసేటప్పుడు అందులో మంచీ ఉండదు, చెడూ ఉండదు. వెతికినది దొరికితే పాజిటివ్, దొరక్కపోతే నెగెటివ్. అంతే. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "పాజిటివ్ వచ్చింది సార్" అంటే నేను మొదట అడిగేది "దేనికి?" అని. చాలామందికి ఆ టెస్టు పేరు తెలియదు. అది వాళ్ల తప్పు కాదు, చెప్పాల్సిన మేం సరిగ్గా చెప్పడం లేదు.

అపోహ: పాజిటివ్ అంటే జబ్బు ఉన్నట్టు, నెగెటివ్ అంటే లేనట్టు

హెపటైటిస్ బి సంగతే చూడండి. దీనికి చేసే టెస్టుల్లో ఒకటి హెచ్‌బీఎస్‌ఏజీ. అది పాజిటివ్ అయితే వైరస్ పైపొరలోని ప్రొటీన్ రక్తంలో ఉందని, అంటే ఇన్‌ఫెక్షన్ ఇప్పుడు ఉందని అర్థం. ఇంకొకటి యాంటీ హెచ్‌బీఎస్. అది పాజిటివ్ అయితే ఆ వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నాయని అర్థం. టీకా మూడు డోసులు వేయించుకున్నవాళ్లకి రావాల్సింది ఈ పాజిటివే. మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు లెక్క. నర్సింగ్ కాలేజీలో చేరే పిల్లలకి ఈ రెండో టెస్టు చేయిస్తుంటారు. రిపోర్టులో "హెపటైటిస్ బి", "పాజిటివ్" అన్న మాటలు పక్కపక్కన చూసి ఆ అమ్మాయిలు బెంబేలెత్తిపోతారు. నిజానికి టీకా పనిచేసిందని సంతోషించాల్సిన రిపోర్టు అది. జబ్బు పేరు ఒకటే, ఫలితం మాట ఒకటే, అర్థాలు మాత్రం పూర్తిగా ఎదురు.

బ్లడ్ గ్రూపులోనూ అంతే. ఓ పాజిటివ్ అంటే ఎర్ర రక్తకణాల మీద ఆర్‌హెచ్-డి అనే యాంటిజెన్ (ఒక రకం ప్రొటీన్) ఉందని. మన దేశంలో నూటికి 90 మందికి పైగా పాజిటివే. నెగెటివ్ అయినంత మాత్రాన రక్తంలో లోపం ఉన్నట్టు కాదు. ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. తల్లి నెగెటివ్, పుట్టిన బిడ్డ పాజిటివ్ అయితే బిడ్డ రక్తానికి ఎదురు యాంటీబాడీలు తల్లి ఒంట్లో తయారవకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ పురుడు అయిన 72 గంటల్లోపు ఆమెకు పడాలి. అబార్షన్ అయినా డాక్టర్‌కి గ్రూపు చెప్పడం మరిచిపోకూడదు.

అపోహ: కల్చర్ రిపోర్టులో "గ్రామ్ నెగెటివ్" అని ఉంది, కాబట్టి క్రిములు లేవు

దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను. ఇక్కడ పొరపడితే ప్రాణానికే ముప్పు రావచ్చు.

షుగర్ ఉన్న ఒకాయనకి కాలి పుండు మానక చీమును కల్చర్‌కి, అంటే అందులోని క్రిములను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు పంపారు. రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన ఆయన భార్య కౌంటర్ దగ్గర నిలబడి "నెగెటివ్ అనే ఉంది కదమ్మా, ఇంక ఆ ఇంజెక్షన్లు ఆపేయొచ్చా?" అని మా టెక్నీషియన్‌ని అడిగారు. ఆ రిపోర్టులో ఉన్నది "గ్రామ్ నెగెటివ్ బాసిల్లై". బాసిల్లై అంటే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా, కాబట్టి పుండులో క్రిములు ఉన్నట్టే. మా అమ్మాయి ఆమెను కూర్చోబెట్టి విషయం చెప్పి, మళ్లీ డాక్టర్ దగ్గరికి పంపింది.

ఇక్కడ గ్రామ్ అంటే తూకం కాదు, మనిషి పేరు. డెన్మార్క్‌కి చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డాక్టర్ 1884లో ప్రచురించిన రంగు పద్ధతి ఇది. ఈ రోజుకీ ప్రతి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చేస్తున్నాం. చీమునో కళ్లెనో గాజు స్లైడ్ మీద పల్చగా పూసి, ఆరబెట్టి, మంట మీదుగా రెండు మూడుసార్లు పోనిస్తాం. తర్వాత ముదురు ఊదా రంగు పోస్తాం. ఆ పైన అయొడిన్. ఆ తర్వాత ఆల్కహాల్‌తో కొన్ని సెకన్లు కడుగుతాం. అసలు పరీక్ష ఈ కడగడంలోనే ఉంది. కొన్ని బ్యాక్టీరియాల గోడ మందంగా ఉంటుంది, ఊదా రంగును పోనివ్వదు. వాటిని గ్రామ్ పాజిటివ్ అంటాం. కొన్నింటి గోడ పల్చన, పైగా దాని మీద కొవ్వు పదార్థంతో ఇంకో పొర. ఆల్కహాల్‌కి ఆ పొర చెదిరి రంగు పోతుంది. అవి కూడా కనబడాలని చివర్లో ఇంకో రంగు వేస్తే గులాబీ రంగులోకి వస్తాయి. గ్రామ్ నెగెటివ్ అంటే ఆ గులాబీ రంగువి. రెండూ బ్యాక్టీరియాలే.

మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై గ్రామ్ నెగెటివే. ఐసీయూల్లో భయపెట్టే క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ కూడా. పైనున్న ఆ పొర వల్ల చాలా యాంటీబయాటిక్‌లు వీటి లోపలికి వెళ్లలేవు. అంటే ఈ "నెగెటివ్" చాలాసార్లు మొండి శత్రువు. నిజంగా ఏమీ పెరగకపోతే రిపోర్టులో "నో గ్రోత్" అని విడిగా రాస్తాం.

అపోహ: క్యాన్సర్ రిపోర్టులో మూడు నెగెటివ్‌లు ఉంటే అదృష్టమే

రొమ్ము క్యాన్సర్ ముక్కను పరీక్షించినప్పుడు మూడు విషయాలు చూస్తాం. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్లు అతుక్కునే రిసెప్టర్లు రెండు, హెర్-2 అనే ప్రొటీన్ ఒకటి. ఈస్ట్రోజెన్ పాజిటివ్ అయితే ఆ హార్మోన్‌ని అడ్డుకునే టామాక్సిఫెన్ లాంటి మాత్రలు పనిచేస్తాయి. హెర్-2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. అంటే ఇక్కడ పాజిటివ్ అనేది మందుకు దొరికిన దారి. మూడూ నెగెటివ్ అయితే ఈ దారులు మూసుకున్నట్టు. కీమోథెరపీ ముఖ్యమైన ఆధారం అవుతుంది. అలాగని ఆశ వదులుకోవాల్సిన పని లేదు. కీమోకి పూర్తిగా కరిగిపోయిన ట్రిపుల్ నెగెటివ్ గడ్డలను నేను మైక్రోస్కోప్ కింద చూశాను.

అదే రిపోర్టులో ఇంకోచోట "మార్జిన్ నెగెటివ్" అని ఉంటే అది మంచి వార్త. కోసి తీసిన అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవని దానర్థం. ఒకే కాగితం మీద ఒక నెగెటివ్ కోరుకునేది, ఇంకొకటి కోరుకోనిది. ఈ కాగితాన్ని ఇంట్లో కూర్చుని అర్థం చేసుకోవాలని చూడకండి. క్యాన్సర్ డాక్టర్ ఎదురుగా కూర్చుని ఒక్కో లైనూ అడగండి. అడిగే హక్కు మీకుంది.

అపోహ: విడాల్ పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ ఖాయం

మన ఊళ్లలో నన్ను ఎక్కువగా బాధపెట్టే అపోహ ఇది. రెండు రోజుల జ్వరం, ఒక విడాల్ టెస్టు, "టైఫాయిడ్ పాజిటివ్" అన్న మాట, వెంటనే సెలైన్లు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. ఆరు నెలలకి మళ్లీ జ్వరం, మళ్లీ అదే పాజిటివ్. "మా వాడికి టైఫాయిడ్ తిరగబెడుతూనే ఉంది డాక్టర్ గారూ" అని తల్లులు అంటుంటారు. చాలాసార్లు తిరగబెట్టేది జబ్బు కాదు, టెస్టు.

విడాల్ పద్ధతి 1896 నాటిది. అది టైఫాయిడ్ క్రిమిని వెతకదు. క్రిమి మీద శరీరం తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. అవి పాతవి కావచ్చు. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్‌వి కావచ్చు, టీకావి కావచ్చు, ఆ జాతికే చెందిన వేరే క్రిముల వల్ల వచ్చినవీ కావచ్చు. మలేరియా లాంటి వేరే జ్వరాల్లో కూడా పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్ తరచుగా కనబడే మనలాంటి చోట్ల ఏ జబ్బూ లేనివాళ్ల రక్తంలో కూడా కొంత ఉంటుంది. అందుకే రక్తాన్ని ఎన్నింతలు పల్చన చేసినా యాంటీబాడీలు కనబడ్డాయో తెలిసేలా రిపోర్టులో 1:80, 1:160 అంటూ అంకెలు ఇస్తాం. ఒక్కసారి చేసిన టెస్టులో ఆ అంకెలకు విలువ తక్కువ. వారం పది రోజుల తేడాతో రెండుసార్లు చేసి, నాలుగింతలు పెరిగితే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు. పైగా అసలు టైఫాయిడ్‌లోనే మొదటి వారంలో విడాల్ నెగెటివ్ రావచ్చు.

టైఫాయిడ్ అనుమానం ఉంటే సరైన పరీక్ష బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఖర్చూ ఎక్కువ. కానీ క్రిమి పెరిగితే ఏ మందుకు లొంగుతుందో కూడా చెబుతుంది. విడాల్ ఆ పని చేయలేదు.

అపోహ: టెస్టు 99 శాతం కరెక్ట్ అన్నారు, కాబట్టి పాజిటివ్ కూడా 99 శాతం నిజం

లెక్క వేసి చూద్దాం. లక్ష మందిలో 100 మందికి ఒక జబ్బు ఉందనుకోండి. ఉన్న 100 మందిలో టెస్టు 99 మందిని పట్టుకుంటుంది. లేనివాళ్లు 99,900 మంది. వాళ్లలో నూటికి ఒక్కరికి పొరపాటున పాజిటివ్ వచ్చినా 999 మంది అవుతారు. మొత్తం 1,098 పాజిటివ్‌లలో నిజమైనవి 99. పదకొండు మందిలో ఒక్కరు! అదే టెస్టును లక్షణాలు గట్టిగా ఉన్నవాళ్లకి, అంటే సగం మందికి జబ్బు ఉండే గుంపుకి చేస్తే పాజిటివ్‌లలో నూటికి 99 నిజమవుతాయి. టెస్టు మారలేదు, చేయించుకునే మనుషులు మారారు. ఏ లక్షణమూ లేకుండా ఫుల్ బాడీ ప్యాకేజీల్లో క్యాన్సర్ మార్కర్లు (క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే పదార్థాల టెస్టులు) చేయించుకోవద్దని నేను చెప్పేది ఇందుకే. ఆ మార్కర్లలో ఒకటైన సీఏ-125 ఎక్కువ రావడానికి కడుపులో టీబీ కూడా కారణం కావచ్చు, నెలసరి కూడా కావచ్చు.

హెచ్‌ఐవీ ఫలితం ఒక్క టెస్టుతో తేల్చకపోవడానికి కారణం కూడా ఇదే. హెచ్‌ఐవీకి కౌన్సెలింగ్, పరీక్షలు చేసే ప్రభుత్వ ఐసీటీసీ కేంద్రాల్లో వేర్వేరు పద్ధతుల్లో పనిచేసే మూడు టెస్టులూ పాజిటివ్ వస్తేనే నిర్ధారిస్తారు. హెచ్‌ఐవీ ఉన్న తల్లికి పుట్టిన పాపకు యాంటీబాడీ టెస్టు పాజిటివ్ వస్తే అవి తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు కావచ్చు. 18 నెలల వరకు అవి ఉండొచ్చు. అందుకే పసిపిల్లలకు వైరస్‌నే వెతికే పీసీఆర్ చేస్తారు.

అపోహ: నెగెటివ్ వచ్చింది, ఇక నిశ్చింత

ఏ రోజు చేశారన్నది ముఖ్యం. డెంగ్యూలో ఎన్‌ఎస్1 అనే వైరస్ ప్రొటీన్ జ్వరం మొదలైన మొదటి ఐదు రోజుల్లో బాగా దొరుకుతుంది. ఏడో రోజున చేసి నెగెటివ్ అని ఊరుకుంటే లాభం లేదు, అప్పటికి ఐజీఎం అనే యాంటీబాడీ చూడాలి. ప్రెగ్నెన్సీ టెస్టు మరీ తొందరగా చేసినా నెగెటివ్ వస్తుంది. కొన్ని రోజులు ఆగి మళ్లీ చేయాలి.

అపోహ: పాజిటివ్ వస్తే నెగెటివ్ అయ్యేదాకా టెస్టు చేయిస్తూనే ఉండాలి

కొన్ని ఎప్పటికీ నెగెటివ్ కావు, కావాల్సిన పనీ లేదు. సిఫిలిస్ అనే సుఖవ్యాధికి పూర్తి చికిత్స అయ్యాక వీడీఆర్‌ఎల్ అనే టెస్టులో అంకె తగ్గుతుంది, టీపీహెచ్‌ఏ అనే ఇంకో టెస్టు మాత్రం సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది.

హెపటైటిస్ బి విషయంలో గల్ఫ్ వెళ్లాలనుకునే కుర్రాళ్లు పడే టెన్షన్ చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. మెడికల్‌లో హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని తేలగానే ఈ ల్యాబ్, ఆ ల్యాబ్ అంటూ తిరిగి అదే టెస్టు చేయిస్తారు. ఎవరో చెప్పారని పసరు మందులు మింగుతారు. ఆరు నెలలు దాటి పాజిటివ్‌గా ఉన్నవాళ్లలో అది దానంతటదే పోవడం చాలా అరుదు. ఆ డబ్బు వైరల్ లోడ్‌కి (రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే టెస్టు), లివర్ ఫంక్షన్ టెస్టుకి, కడుపు స్కానింగ్‌కి పెట్టండి. మందు అవసరమా, గమనిస్తూ ఉంటే చాలా అన్నది వాటిని బట్టే డాక్టర్ చెప్పగలరు. ఇంట్లో మిగతావాళ్లకి టెస్టు చేయించి, నెగెటివ్ వచ్చినవాళ్లకి టీకా వేయించండి. ఒకే కంచంలో తింటే అంటదు. రేజర్, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకి ఉండాలి. గర్భిణికి పాజిటివ్ అయితే పురుడు పోసే ఆసుపత్రికి ముందే చెప్పండి. బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీలు) ఇంజెక్షన్ వీలైతే 12 గంటల్లోపే ఇప్పించాలి. ఈ జబ్బు కోసం 2018లో జాతీయ వైరల్ హెపటైటిస్ కంట్రోల్ ప్రోగ్రాం మొదలైంది. దాని కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో టెస్టులు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రికి వెళ్లి ఆ ప్రోగ్రాం పేరు చెప్పి అడగండి.