రెండో జోసెఫ్: వీధి వైపు వాకిలి లేని సహనం

పోటీ పరీక్షల పిల్లలకు ప్రపంచ చరిత్ర చెప్తుంటాను. ఆస్ట్రియాను ఏలిన హబ్స్‌బర్గ్ చక్రవర్తి రెండో జోసెఫ్ (పాలన 1780–1790) గురించి అందరి నోట్సులోనూ ఒకటే లైను: "మత సహనం, సంస్కరణలు, వైఫల్యం". మూడు ముక్కల్లోనూ తిరకాసుంది.

అపోహ: 1781 సహన శాసనంతో మతాలన్నీ సమానమయ్యాయి.

వాస్తవం: దొరికింది అనుమతి, సమానత్వం కాదు. అదీ క్యాథలిక్కులు కాని క్రైస్తవుల్లో లూథరన్లు, కాల్వినిస్టులు (ఇద్దరూ ప్రొటెస్టంట్లే), ఆర్థడాక్స్ వాళ్లకే. వంద కుటుంబాలుంటే ప్రార్థన మందిరం కట్టుకోవచ్చు. కానీ దానికి గంట ఉండకూడదు, శిఖరం ఉండకూడదు, వీధి వైపు వాకిలీ ఉండకూడదు. పక్క నుంచి లోపలికెళ్లి మొక్కుకుని రావాలి. పెళ్లికీ చావుకీ ఇచ్చే రుసుము మాత్రం ఎప్పటిలాగే ఊరి క్యాథలిక్ ఫాదర్‌కే. బొహీమియాలో (నేటి చెక్ దేశం) కొందరు రైతులు ఈ మూడింట్లో ఏదీ కాదని, తాము డీయిస్టులమని (దేవుడున్నాడు గానీ ఏ చర్చీ వద్దనేవాళ్లమని) రాయించుకోబోతే, 1783లో వాళ్లకు కర్రతో 24 దెబ్బలు ఖాయం చేశారు.

అలాగని తీసిపారేయలేం. ఆయన తల్లి మరియా థెరీసా ప్రొటెస్టంట్లను దూరాన ఉన్న ట్రాన్సిల్వేనియాకు (నేటి రొమేనియాలో ఉంది) తరలించింది, ప్రేగ్ నుంచి యూదులను వెళ్లగొట్టింది. ఆ ఇంట్లో పుట్టినవాడు ఈ మాత్రం చేశాడు!

అపోహ: సహనం వేరు, అధికారమంతా రాజధాని వియన్నా చేతిలో పెట్టే కేంద్రీకరణ వేరు.

వాస్తవం: నన్నడిగితే రెండూ ఒకే ఫైలు. వియన్నా యూదులకు 1782 జనవరి 2న ఇచ్చిన శాసనం చూడండి. బడులు, చేతివృత్తులు తెరిచింది, అవమానకరమైన తలపన్ను ఎత్తేసింది. ఆ చేత్తోనే వ్యాపార లెక్కలు హీబ్రూ లిపిలో రాయొద్దంది, వాళ్ల సంఖ్య పెరగొద్దంది, బహిరంగ ప్రార్థనాలయం కుదరదంది. 1787లో జర్మన్ ఇంటిపేర్లు పెట్టుకోమన్నారు. గుమస్తా చదవలేని లెక్క, రిజిస్టర్‌కెక్కని మనిషి ఉంటే పన్ను వసూలు ఎలా?

అపోహ: మఠాలు మూయించాడు కాబట్టి నాస్తికుడు.

వాస్తవం: నిఖార్సైన క్యాథలిక్. బడి నడపని, రోగుల్ని చూడని మఠాలను మూయించి, ఆ ఆస్తితో కొత్త పారిష్‌లు (ఒక్కో ఫాదర్ చూసుకునే చర్చి పరిధులు) పెట్టించాడు. చర్చిలో ఎన్ని కొవ్వొత్తులు వెలిగించాలో కూడా తనే ఆర్డరేశాడు, అదీ ఆయన జబ్బు!

అపోహ: ఆయన రూల్స్ వల్లే సంగీతకారుడు మొజార్ట్‌ను బిచ్చగాడిలా సామూహిక గోతిలో పడేశారు.

వాస్తవం: 1784లో అడుగు తెరుచుకునే శవపేటిక తెచ్చిన మాట నిజం. శవాన్ని సంచిలో కుట్టి, గోతిపైన అడుగు తలుపు తీస్తే కిందికి జారేది. పేటిక మళ్లీ ఇంకొకరికి. జనం గోల చేస్తే ఏడాది తిరక్కుండానే వెనక్కి తీసుకున్నాడు. మొజార్ట్ పోయింది 1791లో. వియన్నాలో మామూలు జనానికి దొరికే సాదా సమాధే ఆయనకూ దొరికింది.

అపోహ: అన్నీ రద్దయిపోయాయి.

వాస్తవం: హంగరీలో జర్మన్‌ను అధికార భాష చేశాడు, పట్టాభిషేకం చేసుకోకుండానే వాళ్ల కిరీటాన్ని వియన్నాకు తెప్పించాడు. అక్కడి భూస్వామ్య ప్రభువులు ఎదురు తిరిగారు. 1790 జనవరిలో మంచాన పడి హంగరీ సంస్కరణలు వెనక్కి తీసుకున్నాడు, మూడు తప్ప: మత సహనం, రైతుల వెట్టి బంధం తెంచిన ఆజ్ఞ, పారిష్‌ల ఏర్పాటు. ఫిబ్రవరి 20న కన్నుమూశాడు. కిరీటం ఆ నెలలోనే హంగరీలోని బుడాకు తిరిగి వెళ్లింది.