సైన్సు నేర్పడానికి మనకు అన్నీ తెలిసుండాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలో హైస్కూలు పిల్లలకు ఫిజికల్ సైన్స్ చెప్తాను. పేరెంట్స్ మీటింగులకు వచ్చే అమ్మానాన్నలు, అప్పుడప్పుడూ తోటి టీచర్లు కూడా, కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ అంటుంటారు. వాటివల్ల నష్టపోయేది పిల్లలు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: “మేం పెద్దగా చదువుకోలేదు మేడం, ఇంట్లో సైన్సేం చెప్తాం?”

చెప్పక్కర్లేదు, అడిగితే చాలు. కాకపోతే చూపించక ముందే అడగాలి. ఫ్రిజ్‌లోంచి ఒకే సైజు ఐసు ముక్కలు రెండు తీయండి. ఒకటి పళ్ళెంలో వదిలేసి, రెండోదాన్ని మందపాటి తువ్వాల్లో చుట్టండి. ఏది ముందు కరుగుతుంది? క్లాసులో ఎప్పుడడిగినా ఎక్కువ చేతులు తువ్వాలు వైపే లేస్తాయి. “దుప్పటి కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది కదా టీచర్!” కాసేపాగి విప్పితే తువ్వాల్లో ముక్కే పెద్దగా మిగిలుంటుంది. తువ్వాలు వేడిని పుట్టించదు, అటూ ఇటూ తొందరగా పోనివ్వదు, అంతే. ఐసు దిమ్మల్ని ఊకలో పెట్టి గోనెపట్టా కప్పేవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. తన ఊహ ముందే పైకి చెప్పి, అది తప్పని కళ్ళారా చూసిన పిల్లకు ఉష్ణబంధకాల పాఠం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

అపోహ: “అందరూ చూపించే ప్రయోగమే కదా, వివరణ సరైనదే అయ్యుంటుంది.”

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గ్లాసు బోర్లిస్తాం. మంట ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. “గాలిలో అయిదో వంతు ఉన్న ఆక్సిజన్ అయిపోయింది, ఆ చోటులోకి నీళ్ళు వచ్చాయి” అని పిల్లలచేత అప్పజెప్పిస్తారు. అది నిజం కాదు. మంట ఆరేసరికి లోపల ఆక్సిజన్ ఇంకా మిగిలే ఉంటుంది. ఖర్చయిన దానికి బదులు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి. నీళ్ళు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మంటకు వ్యాకోచించిన గాలి, మంట ఆరాక చల్లబడి సంకోచిస్తుంది. లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి నీళ్ళను లోపలికి తోస్తుంది.

నా మాట కూడా నమ్మొద్దు. అదే గ్లాసు కింద ఒకసారి ఒక కొవ్వొత్తి, ఇంకోసారి మూడు పెట్టించండి. ఆక్సిజన్ ఎంతుందో అంతే ఉంది, మరి నీళ్ళు ఎక్కువ ఎందుకు ఎక్కాయి? ఈ ప్రశ్న దగ్గర క్లాసు అంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడుతుంది. నాకు ఎంతో ఇష్టమైన గొడవ అది.

సి.వి. రామన్ బాల్యం ఈ ఊళ్ళోనే గడిచింది. ఆయన తండ్రి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. సముద్రం నీలంగా కనిపించేది ఆకాశం ప్రతిబింబం వల్లేనన్న పేరుమోసిన వివరణను రామన్ 1921 ఓడ ప్రయాణంలో ఒక చిన్న నికోల్ పట్టకంతో (నీటి మీద ప్రతిఫలించే వెలుగును అడ్డుకోగల స్ఫటికంతో) పరీక్షించి కాదన్నారు. మన పిల్లలకూ ఆ హక్కుంది.

అపోహ: “ల్యాబ్ లేదు, కిట్ కొనలేం.”

మధ్యాహ్నం ఆర్కే బీచ్‌లో ఇసుక కాళ్ళు కాల్చేస్తుంటే, అదే ఎండలో ఉన్న నీళ్ళు చల్లగా ఎందుకున్నాయని అడగండి. సముద్రపు గాలి పాఠం అక్కడే మొదలవుతుంది. బీచ్‌లో మ్యూజియంగా ఉంచిన కురుసుర జలాంతర్గామిని చూడ్డానికి వెళ్తే ఫొటోలతో వచ్చేయకండి. అంత ఇనుము నీళ్ళలో మునిగి మళ్ళీ పైకెలా వచ్చేదో, ట్యాంకుల్లోకి నీళ్ళెందుకు నింపేవారో మాట్లాడండి. మన అక్షాంశం దాదాపు 17.7 డిగ్రీలు. కాబట్టి మే రెండో వారంలో ఒక రోజు, ఆగస్టు మొదట్లో ఒక రోజు, మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా పాతిన కర్రకు నీడ కనిపించదు. ఆ తేదీ మీరు చెప్పకండి, డాబా మీద రోజూ నీడ కొలిచి వాళ్ళనే పట్టుకోనివ్వండి.

సైన్స్ ఫెయిర్‌కు రెడీమేడ్ మోడల్ కొనివ్వడం వల్ల ఉపయోగం లేదు. జడ్జి అడిగే రెండో ప్రశ్నకే పిల్లలు తడబడతారు.

అపోహ: “వంటింటి సామానే కదా, ప్రమాదం ఏముంటుంది?”

పసుపునీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడటం, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు రంగులోకి రావడం భేషుగ్గా చూపించండి. సున్నం మాత్రం పెద్దవాళ్ళే చేత్తో తాకకుండా వేయాలి. బ్లీచింగ్ పౌడర్‌ను టాయిలెట్ క్లీనర్‌తో ఎప్పుడూ కలపనివ్వకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది. కరెంటు ప్రయోగాలకు టార్చ్ సెల్స్ చాలు, గోడ ప్లగ్గు జోలికి వెళ్ళనివ్వద్దు. కొవ్వొత్తి వెలిగించిన ప్రతిసారీ పక్కన ఒక పెద్దమనిషి, ఒక బకెట్ నీళ్ళు ఉండాలి.