వేలం హాలు నుంచి లాటరీ డ్రా దాకా: మద్యం లైసెన్సు ఇలా మారింది

2024 అక్టోబర్ 14న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా కేంద్రాల్లో మద్యం షాపులకు డ్రా తీశారు. 3,396 షాపులకు వచ్చిన దరఖాస్తులు 89,882. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షల రూపాయల ఫీజు, షాపు రాకపోతే తిరిగి ఇవ్వరు. అంటే ఒక్క సీసా కూడా అమ్మకముందే ప్రభుత్వానికి సుమారు 1,797 కోట్లు వచ్చాయి. అంతకు ఏడాది ముందు, 2023 ఆగస్టులో, తెలంగాణలో 2,620 షాపులకు 1,31,954 దరఖాస్తులు వచ్చాయి. అక్కడా ఫీజు 2 లక్షలే, వసూలైంది 2,639 కోట్లు. సగటున చూస్తే ఒక్కో షాపుకి యాభై మంది పోటీ పడ్డారు, షాపు తెరవకముందే దాని మీద కోటి రూపాయలు ఖజానాకు చేరాయి.

ఈ లాటరీ ఎక్కడి నుంచి వచ్చింది? ఇంతకుముందు ఏముండేది? మద్యం లైసెన్సు ఎవరికివ్వాలన్న ప్రశ్నకు మన దగ్గర ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పారు. ప్రతి కొత్త పద్ధతీ అంతకుముందు పద్ధతిలో బయటపడ్డ తప్పును సరిచేస్తామనే వచ్చింది. ఆ వరస తెలిస్తే తప్ప ఇప్పుడు ఊళ్లలో జరుగుతున్నది అర్థం కాదు.

మొదట్లో మద్యం మీద సర్కారు అజమాయిషీని ఆబ్కారీ అనేవాళ్లు. పాతకాలం వాళ్లు ఇప్పటికీ ఎక్సైజ్ వాళ్లను ఆబ్కారీ వాళ్లనే అంటారు. కోస్తా, రాయలసీమల్లో 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం, నిజాం రాజ్యంలో 1316 ఫసలీ (నిజాం కాలెండర్ లెక్క, సుమారు 1907) నాటి హైదరాబాద్ ఆబ్కారీ చట్టం నడిచాయి. రెండు చోట్లా పద్ధతి దాదాపు ఒకటే. సారా, కల్లు అమ్ముకునే హక్కు సర్కారుది, ఆ హక్కును వేలంలో ఎక్కువ పాట పాడినవాడికి ఇస్తారు. తాటిచెట్టు ఎక్కేది గీత కార్మికుడైతే, పాట పాడి లాభం తీసుకునేది కాంట్రాక్టర్.

తర్వాత రెండు ప్రాంతాల దారులు వేరయ్యాయి. మద్రాసులో రాజాజీ ప్రభుత్వం 1937లో సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, మరుసటి ఏడాది చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతటా నిషేధమే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక విచిత్రమైన పరిస్థితి వచ్చింది. ఆంధ్ర జిల్లాల్లో నిషేధం, తెలంగాణ జిల్లాల్లో ఆబ్కారీ వేలం, రెండూ ఒకే రాష్ట్రంలో. 1968లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం రెండు ప్రాంతాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. ఇవాళ్టి లైసెన్సులకు మూలం ఆ చట్టమే.

మద్యం వ్యాపారం ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. 1975లో హర్ శంకర్ కేసులో, తర్వాత ఖోడే డిస్టిలరీస్ కేసులో ఇదే మాట స్పష్టం చేసింది. కిరాణా కొట్టు పెట్టుకునేవాడికి ఉన్న హక్కు వైన్ షాపు పెట్టుకునేవాడికి లేదు. రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది, మద్యనిషేధానికి ప్రయత్నించాలని 47వ అధికరణం చెబుతోంది. కాబట్టి లైసెన్సు అనేది ప్రభుత్వం కొంతకాలానికి ఇచ్చే అనుమతి మాత్రమే. ప్రభుత్వం మారినప్పుడల్లా పాలసీ పూర్తిగా మారిపోవడానికి వీలు కల్పించింది ఈ సూత్రమే.

సారా వేలం పద్ధతిని కూలదొక్కింది కోర్టులు కాదు, ఆడవాళ్లు.

1980లలో వారుణి వాహిని పేరుతో ప్యాకెట్ సారా పల్లెపల్లెకీ చేరింది. 1986లో విదేశీ మద్యం (ఇక్కడే తయారయ్యే విస్కీ, బ్రాందీ లాంటివి) హోల్‌సేల్ మొత్తాన్ని ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ తన చేతుల్లోకి తీసుకుంది. సారా మాత్రం కాంట్రాక్టర్ల చేతుల్లోనే ఉంది. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా కొట్టుకు పోయేవి. అలాంటి రోజుల్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. ఊళ్లో సారా కొట్టును ఆడవాళ్లంతా కలిసి మూయించిన కథ. పలక పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు అది చదివి, మన ఊళ్లో ఎందుకు చేయకూడదు అనుకున్నారు. దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు వచ్చినవాళ్లు కొట్టు మూయించారు. ఆ మాట పక్క ఊరికి, అక్కడి నుంచి ఇంకో ఊరికి పాకింది.

ఇక్కడ అందరూ మర్చిపోయే విషయం ఒకటుంది. 1992లో ఆ ఆడవాళ్లు కొట్ల దగ్గర ఆగిపోలేదు. జిల్లా కేంద్రంలో సారా పాటలు జరిగే చోటికే వెళ్లారు. పాట పాడేవాళ్లను లోపలికి పోనివ్వలేదు. నెల్లూరులో వేలం మళ్లీ మళ్లీ వాయిదా పడింది. కొట్టు మూస్తే ఒక ఊరి సారా ఆగుతుంది, పాట ఆగితే జిల్లా మొత్తానికి ఆగుతుంది. లైసెన్సు అసలు పుట్టేదెక్కడో వాళ్లు కనిపెట్టారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 ఎన్నికల్లో గెలిచిన ఎన్టీఆర్ ప్రభుత్వం 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. పక్క రాష్ట్రాల నుంచి సరుకు దొంగచాటుగా రావడం, నాటుసారా పెరగడం, ఖజానాకు రాబడి పోవడం, ఈ మూడు కారణాలు చెప్పి 1997లో ఎత్తేశారు. సారా నిషేధం మాత్రం అలాగే ఉంది. ఊళ్లలో సారా కొట్టు ఉన్న చోటికి వైన్ షాపు వచ్చింది.

2005లో వైన్ షాపులకు కూడా వేలం తెచ్చారు. పాటలు కోట్లలోకి వెళ్లాయి. అంత పెట్టి షాపు తెచ్చుకున్నవాడు ఎమ్మార్పీకి అమ్మితే గిట్టుబాటు కాదు. అందుకని వ్యాపారులు ఊరు ఊరికీ సిండికేట్ కట్టారు, సీసా మీద పదో ఇరవయ్యో ఎక్కువ గుంజారు, షాపు లేని పల్లెలకు లైసెన్సు లేని బెల్టు షాపుల ద్వారా సరుకు పంపారు. కొందరు తెల్లరేషన్ కార్డు వాళ్ల పేర్ల మీద బినామీగా లైసెన్సులు తీసుకున్నారు. 2011 చివర్లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) దాడులు మొదలయ్యాక సిండికేట్లు ఎవరెవరికి మామూళ్లు ఇస్తున్నాయో బయటికొచ్చి రాష్ట్రం అట్టుడికింది. ఆ దెబ్బకు 2012లో వేలం తీసేసి, జనాభా లెక్కన లైసెన్సు ఫీజు ఖరారు చేసి, లాటరీ పెట్టారు. పాట లేకపోతే పోటీ ధర ఉండదు, అప్పుడు ఎమ్మార్పీకే అమ్ముతారన్నది లెక్క.

లాటరీలో షాపు రావడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం ఇంకో ఎత్తు. నలుగురైదుగురు కలిసి పదీ పదిహేను దరఖాస్తులు వేస్తారు. డ్రాలో పేరు వచ్చిందంటే ఒకటి రెండు రోజుల్లో మొదటి వాయిదా కట్టాలి. ఫీజు ఆంధ్రలో 2024 పాలసీ ప్రకారం ఏడాదికి 50 నుంచి 85 లక్షలు, తెలంగాణలో 50 లక్షల నుంచి 1.10 కోట్లు. తర్వాత గది వెతుక్కోవాలి. గుడికి, బడికి, ఆసుపత్రికి 100 మీటర్లు దూరం ఉండాలి. ఆ దూరాన్ని గోడ నుంచి గోడకు కొలవరు. ఈ గుమ్మం మధ్య నుంచి ఆ గుమ్మం మధ్యకి, మనిషి మామూలుగా నడిచే దారి వెంట టేపు పట్టి కొలుస్తారు. గేటు ఎటువైపు పెట్టారన్న దాన్ని బట్టి షాపు నిలుస్తుంది, లేదా పోతుంది. కౌంటర్లో నిలబడే సేల్స్‌మన్‌కి ఎక్సైజ్ ఆఫీసు నుంచి నౌకర్నామా, అంటే ఆ షాపులో పనిచేయడానికి అనుమతి పత్రం ఉండాలి. అది లేనివాడు సీసా ఇస్తే కేసే. సరుకు ప్రభుత్వ డిపో నుంచే ఎత్తాలి, ఎమ్మార్పీ దాటకూడదు.

ఇవన్నీ పాటించినా కోర్టు తీర్పు ఒకటి వచ్చిందంటే తలకిందులే. 2016 డిసెంబర్ 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం షాపులు ఉండకూడదని చెప్పింది. అప్పటికే లైసెన్సులు నడుస్తున్నవాళ్లకు 2017 సెప్టెంబర్ 30 దాకా గడువు, 20 వేలలోపు జనాభా ఉన్న చోట్ల 220 మీటర్లు అని తర్వాత సడలించింది. రోడ్డు పక్క షాపులు ఊళ్లోకి జరిగాయి. హైవే మీద ప్రమాదాలు తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ బస్టాండు దగ్గరున్న షాపు ఇళ్ల మధ్యకు వచ్చాక సాయంత్రం ఆరు దాటితే ఆ వీధిలో ఆడపిల్లల్ని బయటికి పంపడానికి తల్లులకు టెన్షన్. ఆ బాధను ఏ తీర్పూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబర్ 1న ఇంకో మలుపు తీసుకుంది. ప్రైవేటు లైసెన్సులే లేవు, షాపులు ప్రభుత్వమే నడిపింది. షాపులు 4,380 నుంచి 3,500కు తగ్గాయి. దశలవారీ నిషేధం అన్నారు. కానీ తెలిసిన బ్రాండ్లు మాయమై, ధరలు బాగా పెరిగాయి. 2024లో ప్రభుత్వం మారగానే మళ్లీ ప్రైవేటు, మళ్లీ లాటరీ. అమ్మకం మీద 20 శాతం మార్జిన్ వస్తుందని లెక్కేసుకుని దిగిన లైసెన్సుదారులు పది చుట్టూనే వస్తోందని మొత్తుకోవడంతో దాన్ని 14 శాతానికి పెంచారు. తెలంగాణ 2021 నుంచి గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం షాపులు కేటాయిస్తోంది. ఆంధ్ర కూడా గీత కులాలకు 10 శాతం ఇచ్చింది. తరతరాలుగా చెట్టెక్కినవాళ్లకు కౌంటర్ వెనక చోటు దొరకడం న్యాయమే, ఇన్నాళ్లు పట్టడమే తప్పు.

2025లో తెలంగాణ దరఖాస్తు ఫీజును 3 లక్షలు చేసింది. దరఖాస్తులు 95,137కు తగ్గాయి, డబ్బు మాత్రం 2,854 కోట్లకు పెరిగింది. నా దృష్టిలో లాటరీలో మొదటి లోపం ఇదే. వేలంలో ఓడినవాడి డబ్బు వాడి దగ్గరే ఉండేది. లాటరీలో ఓడినవాడి డబ్బే ఆదాయం. గెలిచినవాడు పోగొట్టుకున్న దరఖాస్తుల ఖర్చు కూడా అమ్మకంలోనే రాబట్టుకోవాలి. అందుకే బెల్టు షాపు పోలేదు. ఏ పల్లెలోనైనా చిల్లర కొట్టు ఫ్రిజ్ తలుపు తీసి చూడండి. పైఅరలో కూల్‌డ్రింకులు, కింద గోనెసంచి కప్పిన క్వార్టర్లు.

రెండో లోపం ఇంకా పెద్దది. 1992లో ఆడవాళ్లు అడ్డుకోవడానికి ఒక వేలం హాలు ఉండేది. పాట పాడేవాడి మొహం కనిపించేది. ఇప్పుడు డ్రా ఒక్క పూటలో అయిపోతుంది, ఏ షాపు ఏ ఊరికన్నది అంతకుముందే గెజిట్‌లో వచ్చేస్తుంది. మా ఊళ్లో షాపు వద్దు అని ముందుగా చెప్పే చోటు ఆ వరసలో ఎక్కడా లేదు. షాపు తెరిచాక ధర్నా చేస్తే అప్పటికే లక్షలు కట్టినవాడు ఎదురుగా ఉంటాడు.

ఆ చోటు చట్టంలో ఒక్క దగ్గర ఉంది. 1996 నాటి పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో, అంటే గిరిజన ఏజెన్సీలో, మద్యాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇవ్వాలంటోంది. ఏజెన్సీ గ్రామాల్లో షాపు సంగతి తేల్చేటప్పుడు గ్రామసభ తీర్మానం అడగాల్సి వస్తోంది. దూబగుంట మైదాన ప్రాంతం. ఆ చట్టం అక్కడికి వర్తించదు.